ఇతరములు అనే గడి

ఎమ్మెస్సీ అయ్యాక ఎనిమిది నెలలపాటు నా ఉద్యోగం చేపలు లెక్కపెట్టడం. ఒక ప్రాజెక్టు వాళ్లు తీసుకున్నారు. ఎవరో చెప్పను, చెప్పి ప్రయోజనం కూడా లేదు. గంజాం జిల్లాలో గోపాల్‌పూర్‌కి అటూ ఇటూ ఉన్న రేవులకి తెల్లారకముందే వెళ్లాలి. పడవలు ఒడ్డెక్కగానే ఏ చేప ఎన్ని కిలోలు పడిందో ఫారంలో రాయాలి. ఆ ఫారంలో ఇరవై పైచిలుకు గళ్లుండేవి, ఒక్కో గడి పక్కన ఒక్కో లాటిన్ పేరు. అట్టడుగున మాత్రం లాటిన్ లేని గడి ఒకటి ఉండేది. ‘అదర్స్’ అని. ఇతరములు.

మొదటి వారంలోనే మా మావయ్య పట్టేశాడు. ఆయన నలభై ఏళ్లుగా వేటకెళ్తున్న వాడబలిజ మనిషి. ఒడియా బడిలో నాలుగో తరగతి దాకా చదివాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ తెలుగు అక్షరాలు రావు. ఐల వలలో వచ్చిన కలగలుపు చేపని ఇసకలో పోసి, వేళ్లతో విడదీస్తూ, నేను అడక్కుండానే పేర్లు చెబుతున్నాడు. నెత్తళ్లు, గులివిందలు, సావళ్లు, గొరకలు, పారపిల్లలు... నేను అవన్నీ ఒకే తట్టలో ఎత్తి, తూచి, కింది గడిలో ఒకే అంకె వేస్తున్నాను. భుజం మీంచి తొంగి చూసి, “ఆ కింద గడొక్కటే నిండతాందేట్రా అల్లుడా?” అన్నాడు. గళ్లు తక్కువున్నాయి మావయ్యా అన్నాను. “అన్నిటికీ పేర్లుంటే ఇతరములేటి మళ్లీ?”

ఇంకో రేవుకి టైమైపోతోందని బండెక్కేశాను.

ఆ ప్రశ్న దగ్గరే ఇప్పటికీ తిరుగుతున్నాను. మన తీరంలో సముద్ర పరిశోధన ఆకాశం నుంచి చూడటం బాగా నేర్చింది, అడుగుకి దిగటం నేర్చుకుంటోంది. ఒడ్డున నిలబడి “ఇదేం చేప?” అని అడిగే అలవాటు మాత్రం పోగొట్టుకుంది. ఒకప్పుడు ఆ అలవాటు ఉండేది. చిత్రమేమిటంటే, అప్పుడు అడిగింది తెలుగువాళ్లనే.

ప్యాట్రిక్ రస్సెల్ పేరు మనకి రక్తపింజరి వల్ల తెలుసు. ఇంగ్లీషులో ఆ పాముకి ఆయన పేరే ఉంది. 1780లలో ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉన్నప్పుడు ఆయన ఒడ్డున పడే చేపల్ని తెప్పించుకుని బొమ్మలు గీయించాడు. మొత్తం రెండు వందల చేపలు. ఆ బొమ్మలు రెండు సంపుటాలుగా 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. వాటిలో చేపలకి జాలర్లు చెప్పిన పేర్లు ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. ‘నల సందవా’ అని చూసినప్పుడు నాకు నవ్వాగలేదు. నల్ల చందువ! దొర చెవికి ఎలా వినబడిందో అలాగే రాసుకున్నాడు పాపం.

ఆ పుస్తకం ఫ్రాన్సులో కువియే చేతికి చేరింది. జంతువులకి శాస్త్రీయ నామాలు పెట్టడంలో ఆ రోజుల్లో ఆయనంత వాడు లేడు. రస్సెల్ బొమ్మల్లోని ఒక చేపకి 1816లో ఆయన జాలరి పేరునే శాస్త్రీయ నామంగా స్థిరం చేశాడు. ఈ రోజు ప్రపంచంలో ఏ మూల సముద్ర శాస్త్రం చదివేవాడైనా ఇండియన్ మాకెరల్‌ని రాస్ట్రెల్లిగర్ కానగుర్తా అనే రాయాలి. అది మన కానాగంతే. కానగుర్త అని కూడా అంటారు.

ఆ పేరు నేను పరీక్ష కోసం బట్టీ పట్టాను. నాలుక మడతేసి ‘కనగుర్టా’ అని పలికేవాళ్లం క్లాసులో అందరం. లాటినో గ్రీకో అనుకున్నాను. ఇంటికొస్తే అమ్మ కానాగంతల పులుసు పెట్టేది. పులుసులో ఉన్నదీ పుస్తకంలో ఉన్నదీ ఒకే మాటని నాకు తట్టడానికి మూడేళ్లు పట్టింది. ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన వాళ్లకీ తెలిసి ఉండదు, ఎందుకంటే వాళ్లూ ఒడియా, ఇంగ్లీషుల్లోనే చదువుకున్నారు.

ఇక్కడి సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. గంజాం 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు వచ్చింది. మనుషులు మాత్రం ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోయారు. గోపాల్‌పూర్ నుంచి పూరీలో పెంఠకఠా దాకా ఒడ్డున తెప్పలూ పడవలూ నడిపే వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. ఒడియావాళ్లు మమ్మల్ని నోలియాలు అంటారు. మాకు ఒక్కో చేపకి మూడేసి పేర్లు. ఇంట్లో పండుగప్ప, బరంపురం బజార్లో భేక్టి, ఫారంలో లేటస్ కాల్కరిఫర్. ఇంట్లో రొయ్య, బయట చింగుడి. ఇంట్లో ఎండు చేప, సంతలో సుఖువా. ఈ మూడు పేర్లూ ఒక్క మనిషి నోట్లో ఉన్నాయి గానీ ఒక్క కాగితం మీద ఎక్కడా లేవు.

పేర్ల గోల ఏదో భాషాభిమానం అనుకునేవాళ్లకి, నేను చేసిన ఒక తప్పు చెబుతాను.

మా వైపు కవళ్లు, అంటే సార్డిన్ చేపలు, చాలా రకాలు. ఫారంలో మాత్రం ఒక్క గడే ఉండేది: సార్డినెల్లా లాంగిసెప్స్, అంటే నూనె కవళ్లు. లాంగిసెప్స్ అంటే పొడుగు తల అని అర్థం. తల పొడుగు, ఒళ్లు సన్నం. పెనం మీద వేస్తే దాని నూనెతో అదే వేగుతుంది. మిగతా కవళ్లన్నీ నిజానికి ‘ఇతరములు’లోకి వెళ్లాలి. నేను కొత్త. పైగా ఇతరముల గడి అంత నిండిపోతే పై ఆఫీసరు కోప్పడుతున్నాడు, “మీకు జాతులు గుర్తుపట్టడం రాదా?” అని. దాంతో దాదాపు నెలన్నర ఏ రకం కవళ్లు కనబడ్డా నూనె కవళ్ల గడిలో వేసేశాను. మావయ్య ఒకసారి అన్నాడు కూడా, “ఇవి నూనెవి కాదురా, వాటి తలకాయి చూడు” అని. సరే మావయ్యా అని అదే గడిలో వేశాను.

ఇప్పుడు దీని వెనకున్న కథ. నూనె కవళ్లు ఒకప్పుడు కేరళ, కర్ణాటకల చేప. 1980ల చివరి నుంచి తమిళనాడులో, ఆంధ్రలో కూడా బాగా పడుతున్నాయి. సముద్రం వేడెక్కుతుండటం వల్ల అవి తమ హద్దులు పెంచుకుంటున్నాయని పరిశోధకులు చెబుతున్నారు. ఆ మాట నేను కొట్టెయ్యను, దానికి పెద్ద లెక్కలున్నాయి. అయితే మా ప్రాజెక్టు రిపోర్టు నా చేతికొచ్చినప్పుడు ఒక బొమ్మ దగ్గర గుండె ఆగినంత పనైంది. గంజాం తీరంలో నూనె కవళ్లు పెరుగుతున్నాయని ఒక గీత, దాని పక్కనే నీటి ఉష్ణోగ్రత గీత. రెండూ కలిసి పైకి పోతున్నాయి. ఆ పైకి పోవడంలో నా నెలన్నర ఉంది! నా టెన్షను, నా పై ఆఫీసరు కోపం, తలకాయి చూడమంటే చూడని నా తొందర, అన్నీ కలిసి వాతావరణ మార్పు అయిపోయాయి.

వెళ్లి చెప్పాను. “ఆ మాత్రం తేడాలు డేటాలో ఉంటాయి, సగటులో సర్దుకుంటాయి” అన్నారు. సర్దుకోవు. నా తప్పు ఒకే వైపుకి వంగిన తప్పు. ఒకే వైపుకి వంగినవి ఎన్ని కలిపినా సగటు కూడా అటే వంగుతుంది. ఇది ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం పాఠం.

ఇంతకీ దేశంలో చేపల లెక్క ఎలా వేస్తారో చాలామందికి తెలియదు. కొచ్చిలో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1947 నుంచి ఉంది. ప్రతి పడవనీ తూచడం ఎవరివల్లా కాదు గనక, వాళ్లు నమూనా పద్ధతి తయారు చేశారు. కొన్ని రేవులు, వాటిలో కొన్ని రోజులు, ఆ రోజుల్లో దిగిన కొన్ని పడవలు. వాటిని తూచి, మిగిలినవాటికి గుణిస్తారు. పద్ధతి గట్టిది. ఇతర దేశాలవాళ్లు కూడా మెచ్చుకుంటారు. ఏ గుణకారమైనా మొదటి అంకె సరిగ్గా ఉంటేనే నిలబడుతుంది. పారాదీప్ లాంటి హార్బర్లో ట్రాలర్లు ఒకే చోట దిగుతాయి, రకాలు విడదీసి పెట్టెల్లో పోస్తారు, లెక్క తేలిక. గంజాంకి ఉన్నది సుమారు 60 కిలోమీటర్ల తీరం. అక్కడ ఫైబర్ బోట్లు ఇసక మీద ఎక్కడపడితే అక్కడ ఎక్కుతాయి. పెదవల లాగితే పదిహేను రకాలు కలిసి వస్తాయి. వేలంపాట పాడే లోపు తూచెయ్యాలి. షావుకారు ఐసు పెట్టెలతో నిలబడి విసుక్కుంటుంటాడు. నా ఉద్యోగం అక్కడ.

మరి పరిశోధకులందరూ ఎక్కడున్నారంటే, చాలావరకు పైన ఉన్నారు. ఉపగ్రహం సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రత కొలుస్తుంది, నీటి రంగుని బట్టి పచ్చదనం అంచనా వేస్తుంది. ఆ అంకెలు ఊరికే దొరుకుతాయి, ఏసీ గదిలో కూర్చుని పేపర్ రాయొచ్చు. ఈ పదేళ్లలో మా సీనియర్లు, జూనియర్లు తీసుకున్న టాపిక్కులు చూస్తే ఉపగ్రహాలు, మోడళ్లు, మైక్రోప్లాస్టిక్కులు, డీఎన్ఏతో జాతుల గుర్తింపు, ఇప్పుడు కొత్తగా ఏఐ. మైక్రోప్లాస్టిక్కుల గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను: ఏ చేప పొట్టలో ఎన్ని ప్లాస్టిక్ ముక్కలున్నాయో తెలుస్తోంది, ఆ చేపలు ఎన్ని మిగిలాయో మాత్రం తెలియడం లేదు.

పైనుంచి చూడటాన్ని నేను వెటకారం చేయలేను. చేస్తే మా అమ్మమ్మ నన్ను క్షమించదు. 1999 అక్టోబరు తుపానులో ఒడిశాలో సుమారు పదివేల మంది పోయారు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ నేరుగా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గాలి గంటకి 200 కిలోమీటర్లు. అప్పుడు పోయినవాళ్లు పదుల్లోనే. లక్షల మందిని ముందే బరంపురం వైపు, ఎత్తు ప్రాంతాలకి, షెల్టర్లకి పంపారు. అమ్మమ్మని ట్రాక్టరు మీద ఎక్కించింది ఒక ఉపగ్రహ చిత్రమే అనుకోవచ్చు. ఈ దేశంలో సముద్ర శాస్త్రం చేసిన మంచి పనులు రాస్తే మొదటి పేజీలో ఉండాల్సింది ఇదే.

చేపల విషయానికొచ్చేసరికి ఆ చూపుకి హద్దులు కనిపిస్తాయి. హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ 1999 నుంచి పనిచేస్తోంది. చేపలు దొరికే అవకాశమున్న చోట్లని అది ఉపగ్రహాల సాయంతో గుర్తించి చెబుతుంది: ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కుగా, ఇన్ని కిలోమీటర్లలో, ఇంత లోతులో అని. చల్లటి నీరూ వెచ్చటి నీరూ కలిసే అంచుల్లో మేత ఎక్కువ, కాబట్టి చేప ఎక్కువ. నిజమే, కానాగంతలకీ కవళ్లకీ అది బాగా పనిచేస్తుంది. అయితే మబ్బు పడితే ఉపగ్రహానికి నీరు కనపడదు. మా దగ్గర వాన కాలంలో మబ్బు పట్టని రోజెక్కడిది? పైగా ఆ సలహా చూసి వెళ్లగలిగేది డీజిలు పోయించుకునే స్తోమత ఉన్నవాడు. పది గుర్రాల ఇంజను బోటు అక్కడికి చేరేలోపు పెద్ద బోట్లు ఆ అంచు మీద వలలు తిప్పేసి ఉంటాయి. ఇంకో మాట. ఆ సలహాలు రాష్ట్రాన్ని బట్టి భాషలో వస్తాయి, ఇటు ఒడియా, అటు తెలుగు. మా మావయ్యకి ఒడియా కూడబలుక్కుని చదవడం వచ్చు. ఇచ్ఛాపురంలో ఉన్న ఆయన వియ్యంకుడు తెలుగులో వచ్చింది ఫోన్లో చదివి వినిపిస్తే మాత్రం, “ఆఁ, ఇప్పుడర్థమైంది” అంటాడు.

బంగాళాఖాతం గురించి చెప్పకుండా ముందుకి పోలేను, ఇది నాకు ఇష్టమైన సబ్జెక్టు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, ఇన్ని నదుల మంచినీరు దీనిలో పడుతుంది. ఆ తేలిక నీరు పాల మీద మీగడలా పైన పరుచుకుంటుంది. కిందున్న ఎరువులాంటి లవణాలు పైకి రావాలంటే ఆ మీగడని చీల్చుకుని రావాలి. అరేబియా సముద్రంలో గాలి ఆ పని సులువుగా చేస్తుంది, ఇక్కడ చెయ్యలేదు. అందుకే కేరళకి పడినన్ని కవళ్లు మనకి పడవు. అయినా వేసవిలో, తీరం వెంబడి నైరుతి గాలి వీచే వారాల్లో, మన ఒడ్డు పక్కనే అడుగు నీరు పైకి తన్నుకొస్తుంది. 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ వాల్తేరు తీరంలో దీన్ని కొలిచి రాశాడు. మావయ్య దాన్ని కాళ్లతో కొలుస్తాడు. ఎండాకాలం పొద్దున్నే తెప్ప తోస్తుంటే నీళ్లు చల్లగా జివ్వుమన్నాయంటే, “నాలుగు రోజుల్లో నెత్తళ్లు దిగుతాయి” అంటాడు. నేను థర్మామీటరుతో ఆరుసార్లు పరీక్షించాను. నాలుగుసార్లు ఆయన మాట నిలబడింది. ఆరుకి నాలుగు శాస్త్రం కాదు, నాకూ తెలుసు. కానీ పరీక్షకి పెట్టడానికి తగ్గ ఊహ అది. అలాంటివి ఆయన దగ్గర ముప్పై ఉన్నాయి. ఎవరూ అడగలేదు.

అడగరని కాదు, తాబేళ్ల గురించైతే అడుగుతారు. మా జిల్లాలోనే ఋషికుల్య నది ముఖద్వారం దగ్గర ఇసకలోకి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి. శాస్త్రలోకానికి ఆ చోటు 1994లో తెలిసింది. పోడంపేట, గోఖర్‌కుడా వాళ్లకి అంతకు ఎన్ని తరాల ముందు తెలుసో ఎవరు చెప్పగలరు! 2025 ఫిబ్రవరిలో అక్కడ గుడ్లు పెట్టిన తాబేళ్లు దాదాపు ఏడు లక్షలు. ఆ అంకె ఎలా వచ్చిందనుకున్నారు? ఒడ్డుని పట్టీలుగా విడగొట్టి, రాత్రంతా గంటగంటకీ ఆ పట్టీల్లో తాబేళ్లని లెక్కపెట్టి, గుణించి. చలిలో, చీకట్లో, ఒడ్డున నిలబడి. ఊళ్లలో కుర్రాళ్లు కూడా తోడుంటారు, పిల్ల తాబేళ్లు దీపాల వైపు పోకుండా సముద్రం వైపు మళ్లిస్తారు. తల్చుకుంటే ఎంత చక్కగా లెక్కపెట్టగలమో దీన్నే రుజువుగా చూపిస్తాను నేను.

ఆ తాబేళ్ల కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, ఋషికుల్య ముఖద్వారాల చుట్టూ 20 కిలోమీటర్ల వరకు వేట నిషేధం. అది కాక తూర్పు తీరమంతటికీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం. రెండూ కలిపితే ఋషికుల్య పక్క ఊళ్లకి ఏడాదిలో ఏడున్నర నెలలు ఏదో ఒక నియమం మెడ మీద ఉంటుంది. ట్రాల్ వలలో చిక్కితే తాబేలు గాలి అందక చస్తుంది, నిషేధం ఉండాల్సిందే. నేను అడిగేది ఒకటే. ఆ ఏడు నెలలు వల పడకపోతే ఆ నీళ్లలో చేప పెరిగిందా? పెరిగితే ఎంత, ఏ రకం? ఇంత పెద్ద మూసిన నీళ్లు పరిశోధకుడికి బంగారు గని లాంటివి. మూసిన చోటికీ మూయని చోటికీ తేడా చూడాలంటే ముందు రెండు చోట్లా చేపని పేరుపేరునా లెక్కపెట్టి ఉండాలి. మళ్లీ ఆ గడి దగ్గరికే వచ్చాం.

మూయని చోటు ఎక్కడో కాదు, బాహుదా అవతలే. బాహుదా నదిని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఒడిశా కొండల్లో పుట్టి, ఇచ్ఛాపురం దగ్గర ఆంధ్రలో నాలుగడుగులు నడిచి, మళ్లీ ఒడిశాలోకి వచ్చి సోనాపూర్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. దానికున్న స్వేచ్ఛ మా లెక్కలకి లేదు. డొంకూరులో పడిన కోనాం చేప ఆంధ్ర అంకెల్లోకి, దాని అన్నదమ్ములు సోనాపూర్‌లో పడితే ఒడిశా అంకెల్లోకి. ఈ తీరం పొడుగునా ఎగువకీ దిగువకీ తిరిగే చేపల మంద ఒకటే. వేటగాళ్లు చుట్టాలే, పిల్లనిచ్చి పుచ్చుకున్నవాళ్లే. వేట నిషేధ భృతి మాత్రం అటు ఒక రకం, ఇటు ఒక రకం. ఆంధ్రలో 2025 నుంచి కుటుంబానికి 20 వేలు అయ్యింది. అది విన్న రోజు మా వాడలో ఒకాయన, “మా ఆవిడది కవిటే, పుట్టింటోళ్ల కార్డులో ఎక్కించుకోమనాలి” అని నవ్వించాడు. నవ్వులాటే గానీ, సరిహద్దు దాటి పేరు రాయించుకునే వాళ్లూ, దాటి చేప అమ్ముకునే వాళ్లూ ఉన్నప్పుడు రెండు రాష్ట్రాల లెక్కల్లో ఏది నిజమో విడదీయడం కష్టం. బాహుదాకి రెండు వైపులా ఒకే ఫారం, ఒకే పేర్ల జాబితా పెట్టి ఒక్క ఏడాది లెక్కేస్తే చాలు. నా ఎరుకలో అది ఎవరూ చెయ్యలేదు. బరంపురం, ఆంధ్ర యూనివర్సిటీల మధ్య ఉన్నది ఒక్క పూట రైలు ప్రయాణం.

రేవులు కూడా కదిలిపోతున్నాయి. మన తీరంలో ఇసక ఏడాది మొత్తమ్మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. నీళ్లలోకి రాళ్లకట్ట కడితే దానికి దక్షిణాన ఇసక మేట వేస్తుంది, ఉత్తరాన కోసుకుపోతుంది. పోడంపేట సగం సముద్రంలోకి పోయింది, జనాన్ని లోపలికి తరలించారు. నాకిచ్చిన రేవుల జాబితాలో ఒక చోటికి వెళితే పడవ ఎక్కడానికి ఇసకే లేదు, గోడ ఒకటి నీళ్లలో నిలబడి ఉంది. ఆ రోజు ఫారంలో ‘పడవలు: 0’ అని రాశాను. ఒడ్డు పోయిందని రాయడానికి గడి లేదు.

ఇదంతా చదివి జాలరికే అన్నీ తెలుసు, శాస్త్రవేత్తకి ఏమీ తెలియదు అని నేనంటున్నానని అనుకుంటే పొరపాటు. మావయ్య చాలా విషయాల్లో తప్పు. చేప తగ్గడానికి తాబేళ్లే కారణమంటాడు. మన వాళ్లే వాడుతున్న సన్న కన్ను రింగు వలల గురించి ఎత్తితే మాట మార్చేస్తాడు. దోమతెరలాంటి వలలో వేలెడంత కానాగంత పిల్లల్ని కోళ్ల మేతకి అమ్మేసి, పెద్ద కానాగంత ఏదీ అంటే సముద్రం ఏం చేస్తుంది? “మా అయ్య నాడు తెప్పెడు కోనాం తెచ్చేవోడు” అంటాడు. తెచ్చి ఉండొచ్చు. ఖాళీ తెప్పతో వచ్చిన రోజులు ఎవరికీ గుర్తుండవు. జ్ఞాపకం కూడా నాలాంటి లెక్కగాడే, ఒకే వైపుకి వంగుతుంది. అందుకే రాత కావాలంటున్నాను. ఆయన చెప్పిన పేరు, నేను కొలిచిన పొడుగు, ఆ రోజు నీటి వేడి, మూడూ ఒకే వరసలో ఉండాలి. ఏ ఒక్కటీ విడిగా నాకు నమ్మకం లేదు.

కలిసి చేస్తే ఏమవుతుందో మా జిల్లా అంచునే ఉంది. చిలికా సరస్సు ముఖద్వారం ఇసకతో మూసుకుపోయి ఉప్పునీరు రాక చేప చచ్చిపోతోందని అక్కడివాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రంలో మోడళ్లు వేసి చూసి, 2000 సెప్టెంబరు 23న కొత్త ముఖద్వారం తవ్వారు. అంతకుముందు ఏడాదికి రెండు వేల టన్నులు కూడా దాటని చేప, రెండేళ్లలో పది వేలు దాటింది. అంతర్జాతీయ చిత్తడి నేలల ప్రమాద జాబితాలోంచి 2002లో చిలికా పేరు తీసేశారు. ఆ తర్వాత రొయ్యల కోసం సరస్సులో కట్టిన ఘెరీల (మడుల) గొడవలు, చేప హెచ్చుతగ్గులు మళ్లీ వచ్చాయి, అది వేరే కథ. నాకు ముఖ్యమైంది ఆ ముందు సంగతి. సరస్సులో దిగే చేపకి అప్పటికే లెక్క ఉంది. అందుకే బాగుపడిందని రుజువు చెయ్యగలిగారు. సముద్రం వైపు ఒడ్డుకి రేపు ఏ మంచి చేసినా, చెడు చేసినా, రుజువు చెయ్యడానికి నాలాంటి వాడు వేసిన ‘ఇతరములు’ తప్ప ఏముంది?

ఆరు వేల మీటర్ల లోతుకి మనుషుల్ని పంపడానికి మన దేశం ఒక వాహనం తయారు చేస్తోంది. దాని పేరు మత్స్య. వెళ్లనివ్వండి, నేనూ చప్పట్లు కొడతాను. ఆ ఖర్చులో చిల్లర పైసలతో గంజాం, శ్రీకాకుళం రేవులన్నిటికీ ఒక్కో గ్రామంలో చదువుకున్న ఒక్కో అమ్మాయిని, అబ్బాయిని జీతమిచ్చి పెట్టొచ్చు. పాట అయిపోయాక ఇసకలో కూర్చుని చేపలు విడదీసేది ఎలాగూ ఆడవాళ్లే. పేర్లు వాళ్లకే ఎక్కువ తెలుసు. నేను ఎనిమిది నెలల్లో ఒక్క ఆడమనిషిని కూడా అడగలేదు, ఫారంలో ‘పడవ యజమాని పేరు’ అని ఉంటే మగవాళ్ల దగ్గరికే పోయాను.

ఇప్పుడు నేను చేపల ఉద్యోగంలో లేను. బరంపురంలో ట్యూషన్లు చెప్పుకుంటున్నాను. ఆదివారాలు మాత్రం రేవుకి పోతాను. మావయ్య మనవరాలు తొమ్మిదో తరగతి. ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొనిచ్చాను. అందులో తెలుగు పేర్లు ఒడియా అక్షరాల్లో రాస్తుంది, దానికి ఆ అక్షరాలే వచ్చు. పక్కన నేను లాటిన్ పేరు వేస్తాను. దాని పక్కన పొడుగు, బరువు, తేదీ. చేప బొమ్మ కూడా వేస్తానంటే వెయ్యమన్నాను. రస్సెల్ దొర కూడా బొమ్మలు వేయించుకున్నవాడే కదా. ఇప్పటికి డెబ్బై ఆరు పేర్లయ్యాయి. అందులో నాలుగు పేర్లు వాళ్ల నాయనమ్మ చెప్పేదాకా మావయ్యకే తెలియవు. ఆ పూట ఇంట్లో ఆయన్ని అందరూ ఆటపట్టించారు.

మొన్న ఆదివారం కలగలుపులో అరచేతంత చేప ఒకటి వచ్చింది. ఎర్రటి రెక్క, తోక దగ్గర నల్ల మచ్చ. నా పుస్తకంలో ఏదీ కలవలేదు. పిల్ల తాత వైపు చూసింది. మావయ్య దాన్ని తిప్పి తిప్పి చూశాడు, మొప్ప ఎత్తి చూశాడు, వాసన కూడా చూశాడు. “నాకూ తెలీదురా” అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి. పిల్ల పెన్ను పట్టుకుని, మరి ఇతరములు అని రాసేదా అంది.

“ఒద్దు. గడి కాళీగా ఒగ్గీ. ఇంకోటి పడనీ, అప్పుడు సూద్దుం,” అని దాన్ని ఐసు డబ్బాలో వేశాడు.